నేలపట్టు చెరువు కట్ట మీద నడక: ఏళ్ల తరబడి చూసినవారి మాట

చలి మొదలైతే నెల్లూరు నుంచి పక్షుల అభయారణ్యం ఉన్న నేలపట్టుకు బయలుదేరడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలో చేరింది. అక్కడికి వచ్చే గూడబాతులకు (పెలికాన్లకు) ఆ సంగతి పట్టలేదు, మాకూ పట్టలేదు.

చెమట పట్టేలా నడవాలనుకునేవారికి ఈ దారి నచ్చదు. చదునైన కట్ట, చెట్ల నీడ, ఎక్కి చూడడానికి వాచ్‌టవర్, అంతే. గబగబా నడిస్తే ఇట్టే అయిపోతుంది. ఆగి చూసేవారికి మాత్రం ఒక పూట చాలదు.

చూడవలసినవి నీళ్లలో నిలబడిన కడప అనే జాతి చెట్లు. మొదళ్లు మునిగి ఉండడంతో నేల మీద తిరిగే జంతువులు గూళ్ల దాకా రావడం కష్టం. గూడబాతులు ఈ చెట్లనే నమ్ముకుని గుడ్లు పెడతాయి. పెద్ద పక్షులు దాదాపు నోరు మెదపవు, వినిపించే గోలంతా పిల్లలదే. పులికాట్ సరస్సు వైపు నుంచి తల్లి చేపలతో వచ్చి దిగిందో లేదో, పిల్ల తన తలను దాని గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. కొత్తగా చూసేవారు తల్లే పిల్లను మింగేస్తోందని కంగారు పడతారు. ఆ పక్కనే నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తలను పట్టడానికి అదే వాటి పనిముట్టు. నీటికాకులు, తెల్ల కంకణం (ఐబిస్) పక్షులు సరేసరి.

గాలి ఇటు తిరిగితే రెట్టల కంపు కొడుతుంది, భరించాలి. ఆ రెట్టలు కలిసిన నీరు పారితే పైరు ఏపుగా పెరుగుతుందని ఊరి రైతులు చెబుతారు. పక్షుల జోలికి ఎవరైనా వెళితే వాళ్లు ఊరుకోరు.

ఈ చెరువుకు ఈశాన్య రుతుపవనాల వానే ఆధారం. వాన తగ్గిన ఏడు పక్షులూ పలచబడతాయి, చెట్లను చూసి తిరిగి రావలసిందే. అందుకే నవంబరు వానల సంగతి కనుక్కుని, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుతూనే చేరండి. ఫ్లెమింగోల కోసమైతే ఇక్కడికి కాదు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద పులికాట్‌లో వెతకాలి. ఫ్లెమింగో పండుగ రోజుల్లో నేను ఇటు రాను. ఆ జనంలో పక్షి కన్నా సెల్ఫీలే ఎక్కువ.

బైనాక్యులర్ లేకపోతే సగం చూసినట్లే, అరువైనా తెచ్చుకోండి. లోపల తినడానికి ఏదైనా దొరుకుతుందని నమ్ముకోవద్దు. నాయుడుపేటలో టిఫిన్ కట్టించుకుని, సీసాల్లో నీళ్లు నింపుకుని వెళ్లండి.