తల తిరుగుతోందని ఎమర్జెన్సీకి వస్తే ఏది మేలు: సీటీ స్కానా, ఎమ్మారైనా, కళ్ల పరీక్షా?

గంటల తరబడి ఆగకుండా తల తిరుగుతూ, వాంతులవుతూ, లేచి నిలబడలేని స్థితిలో వచ్చిన రోగి విషయంలో వైద్యుడు ముందుగా తేల్చుకోవలసినది, లోపం లోపలి చెవిలో ఉందా, మెదడులో ఉందా అన్నది. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం వాచినట్లయితే ఎంత బాధించినా సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. చిన్నమెదడుకు రక్తం అందకపోతే మాత్రం (ఇదీ ఒక రకం పక్షవాతం, అంటే స్ట్రోకే), రెండు మూడు రోజుల్లో అక్కడ వాపు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

అలవాటుగా ముందు తీసేది సీటీ. అది త్వరగా అవుతుంది, చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది, రక్తస్రావం ఉంటే చూపిస్తుంది. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలన్నా ముందు అది తీయక తప్పదు. అయితే తల వెనుక భాగంలోని దట్టమైన ఎముకల నడుమ చిన్నమెదడు దానికి సరిగా కనబడదు. 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పక్షవాతం అనుమానంతో వచ్చిన 356 మందికి రెండు స్కాన్లూ తీస్తే, రక్తం అందక కలిగిన తాజా పక్షవాతాన్ని ఎమ్మారై 164 మందిలో, సీటీ 35 మందిలో మాత్రమే చూపాయి. అందువల్ల ‘సీటీ నార్మల్, ఇంటికి వెళ్లవచ్చు’ అనే మాట, అసలు సీటీ తీయకపోవడం కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఎమ్మారై నిస్సందేహంగా మెరుగైనది. కానీ తొలి 48 గంటల్లో అదీ పొరబడవచ్చు.

మూడో మార్గం మంచం పక్కనే కొద్ది నిమిషాల్లో ముగిసే కళ్ల పరీక్ష, హింట్స్. రోగిని ఎదురుగా ఉన్న వైద్యుడి ముక్కు మీద చూపు నిలపమని చెప్పి, ఆ వైద్యుడు అతని తలను ఒక్కసారిగా కొద్దిగా పక్కకు తిప్పుతాడు. చెవి నరం దెబ్బతిని ఉంటే కళ్లు తలతోపాటే పక్కకు పోయి, మరుక్షణం ముక్కు మీదికి గెంతుతాయి. కళ్లు కదలకుండా ముక్కు మీదే నిలిస్తే అది నార్మలే, కానీ తల ఆగకుండా తిరుగుతున్న మనిషిలో భయపడవలసినది ఈ నార్మల్‌కే, ఎందుకంటే చెవి నరం బాగుంటే లోపం మెదడులో ఉండవచ్చు. తరువాత కళ్ల అదురు, అంటే కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం చూస్తారు: చూపు ఎటు తిప్పినా అది ఒకే దిశలో కొట్టుకుంటే చెవి, చూపుతోపాటు దిశ మారితే మెదడు. చివరగా కళ్లను మార్చి మార్చి మూసినప్పుడు, తెరిచిన కన్ను పైకో కిందికో సర్దుకుంటే అదీ మెదడు వైపే చూపుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి అలా చూపినా పక్షవాతంగానే భావించాలి. కొత్తగా ఒక చెవి వినిపించకపోయినా చెవి జబ్బే అని కొట్టిపారేయరాదు. లోపలి చెవికి రక్తం తెచ్చే ధమని సాధారణంగా చిన్నమెదడుకు వెళ్లే ధమని నుంచే చీలుతుంది.

2009లో 101 మందిపై జరిగిన అధ్యయనంలో ఈ పరీక్ష మెదడు లోపాలలో ఒక్కదాన్నీ వదలలేదు. అదే రోగులలో తొలి ఎమ్మారై 12 శాతం పక్షవాతాలను పట్టలేకపోయింది. అయితే అక్కడ పరీక్షించినవారు ఈ విద్యలో ఆరితేరినవారు. అమెరికాలోని సొసైటీ ఫర్ అకడమిక్ ఎమర్జెన్సీ మెడిసిన్ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, శిక్షణ పొందినవారే హింట్స్ చేయాలనీ, సీటీని ఆనవాయితీగా వాడవద్దనీ చెబుతున్నాయి.

పక్కకు ఒరిగినప్పుడు మాత్రమే తిరిగి, నిమిషంలోపు ఆగిపోయే తలతిరుగుడుకు హింట్స్ పనికిరాదు. అటువంటి వారిలో తల తిప్పే పరీక్ష సహజంగానే నార్మల్‌గా వచ్చి, లేని పక్షవాతాన్ని ఉన్నట్లు చూపుతుంది. వారిని డిక్స్-హాల్‌పైక్ పద్ధతిలో (తలను పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి) పడుకోబెట్టి చూసి, లోపలి చెవిలో రేణువులు జారడమే కారణమని నిర్ధారణ అయితే, వాటిని తిరిగి చోటికి చేర్చే ఎప్లీ పద్ధతిలో తలను తిప్పడం మేలు, స్కాన్ అక్కరలేదు. రోగి రాగానే వాంతులు, తల తిరుగుడు తగ్గించే స్టెమెటిల్ ఇంజెక్షన్ ఇచ్చేసే తొందర కూడా మంచిది కాదు, మందు మత్తులో కళ్ల అదురు తగ్గి, చూడవలసిన గుర్తే మరుగున పడవచ్చు.

హింట్స్ తెలిసినవారు లేని ఆసుపత్రిలో నేనైతే ముందు రోగిని కూర్చోబెట్టి, తరువాత నడిపించమంటాను. ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, నడవలేకపోయినా, సీటీ ఎంత శుభ్రంగా ఉన్నా అతన్ని ఇంటికి పంపకుండా ఎమ్మారై ఉన్న చోటికి తరలించాలి. తొలి ఎమ్మారై నార్మల్‌గా వచ్చినా అనుమానం తీరకపోతే, 48 గంటలు దాటాక మళ్లీ తీయాలి.