ప్లానెటోరియమా, గూగుల్ ఎర్తా, బెల్లందూరు చెరువా: పిల్లలకి రిమోట్ సెన్సింగ్ చూపించాలంటే ఏది మేలు?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ అక్క వాళ్ళది ఆకివీడు, మాది భీమవరం పక్కన, అందుకే ఊరి వరసలో అక్క అయిపోయింది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళొచ్చి అరిసెల డబ్బా చేతిలో పెడుతూ ఒక పని చెప్పింది. "తమ్ముడూ, మావాడు సైంటిస్ట్ అవుతాను అంటున్నాడు, ఇస్రో ఈ ఊళ్ళోనే కదా, ఒకసారి తీసుకెళ్ళి చూపించకూడదూ" అని. ఇస్రో ఏమన్నా లాల్‌బాగా అక్కా, టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళిపోడానికి? న్యూ బీఈఎల్ రోడ్డులో హెడ్ ఆఫీస్ గేటు బయట నిలబడి సెల్ఫీ దిగొచ్చు, అంతే.

కానీ వాడు అడిగింది రాకెట్ గురించి కాదు, అక్కడుంది అసలు సంగతి. ఫ్లైట్‌లో వస్తుంటే కిటికీలోంచి కొల్లేరు వైపు గళ్ళగళ్ళగా చెరువులు కనపడ్డాయంట, ఇవన్నీ ఎన్ని ఉంటాయో పైనుంచి లెక్కపెట్టొచ్చా అని అడిగాడంట. రిమోట్ సెన్సింగ్ అంటే అదే, పైనుంచి తీసిన బొమ్మలు చూసి కింద ఏముందో చదవడం. తొమ్మిదో క్లాసు పిల్లాడు, ఇక్కడ్నుంచి నేనూ మావాడే అంటా. నేను ఎమ్మెస్సీ జియాలజీ చేసి, రెండేళ్ళు జీఐఎస్ డిజిటైజింగ్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పని) చేసి, తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వచ్చి పడ్డవాణ్ణి, ఈ ప్రశ్న విన్నాక ఊరుకోలేకపోయా. మొత్తం ఆరుగురు పిల్లలు పోగయ్యారు, మూణ్ణాలుగు నెలల పాటు ఆదివారాలు రకరకాలుగా ప్రయత్నించాం, ఏది పనికొచ్చింది ఏది డబ్బు దండగ అన్నది చెప్తా.

ముందు దండగది. ఒక సంస్థ వాళ్ళు క్లబ్‌హౌస్‌కొచ్చి స్పేస్ వర్క్‌షాప్ పెట్టారు, పిల్లకి 2,000 రూపాయలు. నీళ్ళ సీసాతో రాకెట్ ఎగరేశారు, పిల్లలు కేకలేశారు, బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చారు. శాటిలైట్ పైకెళ్ళాక అక్కడ ఏం చేస్తుందండీ అని మావాడు అడిగితే "ఫొటోలు తీస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంక దాని గురించి రాయడానికి ఏం లేదు.

ప్లానెటోరియం, మ్యూజియం దారి దీనికన్నా చాలా నయం, ఖర్చూ తక్కువే. హై గ్రౌండ్స్ దగ్గర నెహ్రూ ప్లానెటోరియం 1989 నుంచి ఉంది, కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది, రెండూ ఒక్క రోజులో అయిపోతాయి. ఆరో క్లాసు లోపు పిల్లలైతే కళ్ళు మూసుకుని ఇదే మేలు అంటా. చీకట్లో తల పైకెత్తి కూర్చుంటే నోరు తెరుచుకునే వయసు అది. పెద్ద పిల్లలకి మాత్రం ఒక చిక్కుంది, అక్కడ అందరూ కింద నుంచి పైకి చూస్తారు, రిమోట్ సెన్సింగ్ అంటే పై నుంచి కిందకి చూడటం, అది వేరే విద్య. తిరిగొచ్చేటప్పుడు కార్లో నేను చెప్పిన పీణ్య కథే వాళ్ళకి ఎక్కువ గుర్తుంది. మన మొదటి శాటిలైట్ ఆర్యభట్టని పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డుల్లో తయారుచేశారు, 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్ళింది అని చెప్తే, "పీణ్యానా? లారీలుండే పీణ్యానా?" అని ఒకటే నవ్వు.

మూడోది గూగుల్ ఎర్త్. దీన్ని తక్కువ చెయ్యను, ఎందుకంటే ఫోన్లోనే అయిపోతుంది, ఊరి పేరు కొడితే అమ్మమ్మ వాళ్ళ డాబా కనపడుతుంది, ఆ ఆనందం ముందు ఏ పాఠమూ నిలవదు. టైమ్‌ల్యాప్స్ అయితే 1984 నుంచి చూపిస్తుంది, కొల్లేరు మీద పెట్టి ప్లే కొడితే సరస్సు చుట్టూ చేపల చెరువులు గళ్ళు గళ్ళుగా ఎలా ఆక్రమించుకుంటూ వచ్చాయో సినిమాలా కనపడుతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు కదా, ఆ ఏడు దగ్గర పాజ్ చేసి మరీ చూశారు. అయితే అక్కడితో ఆగిపోతుంది చూడండి, అదే దాని లోటు. దగ్గరగా జూమ్ చేసినప్పుడు కనపడే బొమ్మ వేరువేరు తేదీల ముక్కలు కలిపి కుట్టిన బొంత, ముందే ఎవరో వండి వడ్డించేసింది, తినడమే తప్ప గరిట పట్టుకునే పని లేదు. ఆకు పచ్చగా ఉందా, ఎండుతోందా అని అడిగితే కంటికి కనపడినంతే చెప్తుంది.

మావాళ్ళని నిజంగా పట్టేసింది నాలుగోది, ఖర్చు సున్నా, కావలసిందల్లా ఒక లాప్‌టాపూ ఒక తాడూ. కోపర్నికస్ బ్రౌజర్ అని యూరప్ వాళ్ళ వెబ్‌సైట్ ఉంది, సెంటినెల్-2 శాటిలైట్ల బొమ్మలు తేదీ వారీగా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రెండు శాటిలైట్లు కలిపి 5 రోజులకోసారి మన నెత్తి మీదుగా పొద్దున్న పదిన్నరకి అటూఇటూగా వెళ్తాయి (ఇది విన్నాక ఒక ఆదివారం ఆరుగురూ టెర్రస్ ఎక్కి చేతులూపారు, వాచ్‌మన్ నన్ను అదోలా చూశాడు). ఒక్కో పిక్సెల్, అంటే బొమ్మలో ఒక్కో చుక్క, నేల మీద 10 మీటర్లకి 10 మీటర్లు. ఈ రిజల్యూషన్ అన్న మాట ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు, అప్పుడు మన లెక్కలోకి మార్చా: 100 చదరపు మీటర్లంటే దాదాపు రెండున్నర సెంట్లు. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్‌లో లిస్-4 కెమెరా 5.8 మీటర్లు, అంటే సెంటు కూడా ఉండదు. ఫ్లాట్లలో పుట్టిన పిల్లలకి సెంటంటే ఏం తెలుస్తుంది అనుకున్నా గానీ, ఇంట్లో స్థలాల గొడవలు వినీ వినీ పెద్దవాళ్ళకన్నా బాగా తెలుసు వాళ్ళకి.

తాడు ఇక్కడ పనికొచ్చింది. కింద పార్కులో 10 మీటర్ల చదరం గీశాం, అందులో సగం గడ్డి, పావు టైల్స్, ఒక మూల జారుడుబండ. ఇదంతా శాటిలైట్‌కి ఒక్క చుక్క, ఒకటే రంగు చెప్పాలి, ఏం చెప్తుంది? అని అడిగా. అరగంట కొట్టుకున్నారు. మిక్స్‌డ్ పిక్సెల్ అనే మాట నేను చెప్పేలోపే "అన్నీ కలిపి సాంబారు చేస్తుంది అంకుల్" అంది ఎనిమిదో క్లాసు పాప. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

తర్వాత బెల్లందూరు చెరువు. 2017 ఫిబ్రవరి తేదీలు పెట్టి ఫాల్స్ కలర్ (అసలు రంగులు మార్చి చూపించేది) కొడితే చెరువులో పెద్ద భాగం ఎర్రగా వచ్చింది. ఆ నెల్లోనే చెరువు అంటుకుని పొగలొచ్చిన సంగతి పిల్లలు ఇంట్లో విన్నారు, అందుకని అందరూ ఒకేసారి మంట మంట అని అరిచారు. మంట కాదురా, గుర్రపుడెక్క. ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం గట్టిగా వెనక్కి కొడుతుంది, అది మన కంటికి ఆనదు, అందుకని స్క్రీన్ మీద దానికి ఎరుపు అప్పిస్తారు. నీళ్ళు ఆ కాంతిని మింగేస్తాయి కాబట్టి నల్లగా వస్తాయి. ఎన్‌డీవీఐ అనే పచ్చదనం లెక్క అంటే ఇదే, ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి, రెండూ కలిపిన దాంతో భాగించడం, ఏడో క్లాసు లెక్క. ఇదే సూత్రం మీద 1970లో శాస్త్రవేత్త పిషారోటీ గారు కేరళలో హెలికాప్టర్ లోంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో కొబ్బరి తోటల్ని ఫొటోలు తీసి తెగులు పట్టిన చెట్లని కనిపెట్టారు, మన దేశంలో రిమోట్ సెన్సింగ్ అలా కొబ్బరిచెట్లతో మొదలైంది అని చెప్తే, కోనసీమ పిల్ల ఒకతి వెంటనే వాళ్ళ పెదనాన్న తోట ఎక్కడుందో వెతకడం మొదలెట్టింది.

ఇదంతా ఒక ఎత్తు, ఆకివీడు తాతయ్య ఒక ఎత్తు. మావాడు జనవరి నెల బొమ్మలో వాళ్ళ చేను పక్కన నల్లటి గళ్ళు చూసి, ఇక్కడ కొత్తగా చెరువులు తవ్వేశారు, మొత్తం పదకొండు అని లెక్కకట్టి పెద్ద రిపోర్టు రాశాడు. స్పీకర్ పెట్టి తాతయ్యకి ఫోన్ చేయించా. ఆయన నవ్వి నవ్వి, "ఒరే, చెరువులు కాదురా అయ్యి, దాళ్వా నాట్లకి నీళ్ళు పెట్టాం" అన్నాడు. దాళ్వా అంటే రబీ వరి. వీడు ఒప్పుకోడే! మార్చి బొమ్మ తీసి చూస్తే ఎనిమిది గళ్ళు ఎర్రగా అయిపోయాయి, అంటే వరి ఎదిగింది, మూడు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఆ మూడూ నిజం చెరువులే, ఒకటి వాళ్ళ బాబాయిదేనంట. బొమ్మలో చూసింది నేల మీద సరిచూసుకునే ఈ పనిని ఫీల్డులో గ్రౌండ్ ట్రూత్ అంటారు, జీతాలిచ్చి మనుషుల్ని జీపుల్లో పంపించి చేయిస్తారు, మావాడికి తాతయ్య ఫ్రీగా చేసిపెట్టాడు. తప్పు చేసి, ఎందుకు తప్పో తనే పట్టుకున్నాడు చూశారా, మిగతా మూడు దారుల్లోనూ అది జరగదు. అందుకే ఎనిమిదో క్లాసు దాటిన పిల్లలకి నా ఓటు దీనికే.

ఒక జాగ్రత్త, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మొదలెట్టకండి, ఏ తేదీ తీసినా మబ్బులే, పిల్లలకి మొదటి రోజే విసుగొచ్చేస్తుంది. మబ్బుల్లోంచి చూడాలంటే రాడార్ కావాలి, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ శాటిలైట్ ఆ రకమే, కానీ రాడార్ బొమ్మ నలుపు తెలుపు ఇసకరాళ్ళలా ఉంటుంది, మొదటి పరిచయానికి వద్దు. మన దేశం డేటాతోనే చెయ్యాలి అంటే భువన్ అనే మ్యాపుల వెబ్‌సైట్ ఉంది, 2009లో ఇస్రో పెట్టింది, భూ వినియోగం మ్యాపులు చూపించడానికి అది బావుంటుంది.

ఇంక అక్క అసలు భయం, దీంతో ఉద్యోగం వస్తుందా అని. మనవాళ్ళకి సైంటిస్ట్ అంటే ఇస్రో, ఇస్రో అంటే జేఈఈ, ఆరో క్లాసు నుంచి ఫౌండేషన్ కోచింగ్. ఇక్కడ రెండు వేరు వేరు పనుల్ని కలిపేస్తున్నాం. శాటిలైట్ తయారుచెయ్యడం ఒక పని, అది ఈ ఊళ్ళో యూ ఆర్ రావు సెంటర్‌లో జరుగుతుంది, దానికి ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్స్ వాళ్ళు కావాలి. ఆ శాటిలైట్ పంపిన బొమ్మని చదవడం ఇంకో పని, దానికి పెద్ద కేంద్రం మన హైదరాబాద్‌లో ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్), డేటా దిగేది షాద్‌నగర్‌లో. మొదటిదే కావాలంటే తిరువనంతపురంలో స్పేస్ చదువుల కాలేజీ ఐఐఎస్‌టీ మంచిదే, 2007లో పెట్టారు, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి, కాకపోతే అందులో సీటొచ్చిన ప్రతివాడూ ఇస్రోలోకి వెళ్ళిపోతాడు అనుకోకండి, ఖాళీలూ మార్కులూ చూస్తారు.

చెరువులు లెక్కపెట్టే పిల్లాడికి రెండోదే సరిపోతుందని నా ఉద్దేశం. చెన్నైలో అన్నా యూనివర్సిటీ గిండీ కాలేజీలో జియోఇన్ఫర్మేటిక్స్ (మ్యాపులూ శాటిలైట్ బొమ్మల చదువు) అని బీఈ కోర్సే ఉంది. లేదా మామూలుగా సివిల్, జియాలజీ, జాగ్రఫీ, అగ్రికల్చర్ ఏదో ఒకటి చేసి తర్వాత డెహ్రాడూన్‌లో రిమోట్ సెన్సింగ్ ఇన్‌స్టిట్యూట్ ఐఐఆర్ఎస్‌లో ఎంటెక్ చెయ్యొచ్చు, ఆ డిగ్రీ ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీయే అంటే అక్క నమ్మలేదు. గేట్‌లో కూడా 2022 నుంచి జియోమాటిక్స్ అని ఈ చదువుకే వేరే పేపర్ పెట్టారు. ప్రైవేటులో అయితే ఈ ఊళ్ళోనే పిక్సెల్, శాట్‌ష్యూర్ లాంటి కంపెనీలున్నాయి, పిక్సెల్ వాళ్ళు 2025లో సొంత హైపర్‌స్పెక్ట్రల్ (కాంతిని బోలెడు సన్నటి రంగులుగా విడగొట్టి చూసే) శాటిలైట్లు కూడా పంపారు. జీతాల విషయం దాచను, మొదట్లో డిజిటైజింగ్ ఉద్యోగాలు తక్కువ ఇస్తాయి, నేను పారిపోయింది అందుకే. కోడింగ్ రాని జీఐఎస్ వాడికి మౌసు నొక్కడమే మిగులుతుంది, పైథాన్ వచ్చినవాడి సంగతి వేరు, నేను అప్పుడు నేర్చుకోలేదు.

మావాడికి ఈలోపు యువికాకి అప్లై చేయించాం, తొమ్మిదో క్లాసు పిల్లలకి ఇస్రో 2019 నుంచి నడుపుతున్న వేసవి ప్రోగ్రాం. ఎనిమిదో క్లాసు మార్కులు చూస్తారు, పంచాయతీ ఊళ్ళ బళ్ళల్లో చదివేవాళ్ళకి వెయిటేజీ ఉంటుంది, అది న్యాయమే గానీ మా సర్జాపూర్ రోడ్డు వాడికి లాభం లేదు. రాలేదు. అక్క డీలా పడిపోయింది. వాడు మాత్రం మళ్ళీ దాళ్వా నాట్లు ఎప్పుడు మొదలవుతాయో తాతయ్యని అడిగి తేదీ రాసి పెట్టుకున్నాడు.