కాశీలో పడవ ప్రయాణం: సాయంత్రపు బోటు, పొద్దుటి నావ

కాశీకి వెళ్లిన తెలుగువారిలో గంగ మీద పడవ ఎక్కనివారు అరుదు. అయితే వారిలో ఎక్కువమంది సాయంత్రం హారతి వేళకు పెద్ద మోటారు బోటు ఎక్కి, గంటన్నరలో దిగి, చూశామనిపించుకుని వచ్చేస్తారు. గత మాఘమాసంలో మా అమ్మనూ పెద్దమ్మనూ తీసుకుని వెళ్లినప్పుడు మొదటి రోజు సాయంత్రం మేమూ అదే పని చేశాము. మరునాడు పొద్దున్నే తెడ్లతో నడిపే చిన్న నావ ఒకటి మాట్లాడుకున్నాము. ఇచ్చిన డబ్బులో పెద్ద తేడా లేదు గాని, చూసిన కాశీలో మాత్రం చాలా తేడా ఉంది.

సాయంత్రపు బోటు సంగతి ముందు చెబుతాను. తలకు 300 రూపాయలు తీసుకున్నారు. మెట్ల మీద బేరమాడిన మనిషి అస్సీ ఘాట్ నుంచి పంచగంగ ఘాట్ దాకా తిప్పి చూపిస్తామన్నాడు; తీరా ఎక్కాక దహన సంస్కారాలు జరిగే మణికర్ణిక ఘాట్ కనబడీ కనబడకముందే బోటును వెనక్కి మళ్లించి, అడిగితే హారతికి ఆలస్యమవుతుందన్నారు. ఇంజను మోతలో సగం వినబడని మైకు వ్యాఖ్యానం కేదార ఘాట్ దగ్గరి విజయనగరం ఘాట్‌ను హంపీ రాయలు కట్టించారని చెప్పేసరికి, విజయనగరంలో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ ఉండబట్టలేక, "హంపీది కాదు నాయనా, మా ఊరి రాజులది" అని తెలుగులోనే గట్టిగా అన్నది. ఆమె చెప్పిందే నిజం. విజయనగరం రాజులైన పూసపాటి వంశీకులకు కాశీతో తరతరాల అనుబంధం ఉంది. 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడిగా ఇంగ్లండు వెళ్లిన విజీ (విజయానంద గజపతిరాజు) కూడా ఆ ఇంటివారే, ఆయన కాశీలోనే స్థిరపడ్డారు. తెలుగు యాత్రికులతో నిండిన బోటులో ఈ ఒక్క ఘాట్ గురించైనా సరిగ్గా చెప్పించాలని ఆ నిర్వాహకులకు తోచకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

హారతి విషయంలో మాత్రం బోటుకు దక్కవలసిన మార్కులు దక్కాలి. దశాశ్వమేధ ఘాట్‌లో హారతి ఇచ్చేవారు గంగవైపు తిరిగి నిలబడతారు కనుక, నీటి మీద ఉన్నవారికి వారి ముఖాలూ దీపాలూ ఎదురుగా కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మెట్ల మీది తొక్కిసలాటా తప్పుతుంది. అయితే వందల పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి కాబట్టి, హారతి ముగిసిన తరువాత ముందున్నవి కదిలేదాకా పొగలో కూర్చోవలసిందే. లైఫ్ జాకెట్లు బల్లల కింద కుప్పగా పడి ఉన్నాయి తప్ప, వేసుకోమని ఎవరూ చెప్పలేదు.

ఇక పొద్దుటి నావ. కాశీలో గంగ ఉత్తరవాహిని అన్న మాట మనందరికీ తెలిసినదే గాని, పడవ మాట్లాడుకునేటప్పుడు దాన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. ఊరంతా పడమటి గట్టునే ఉంది. తూర్పు గట్టున ఇసుక మేట తప్ప పెద్దగా కట్టడాలు లేవు. అందువల్ల సూర్యుడు ఇసుక మీదుగా పైకి రాగానే మొదటి వెలుగు నేరుగా ఘాట్ల మీద పడుతుంది. ప్రవాహం దక్షిణాన ఉన్న అస్సీ నుంచి ఉత్తరానికి సాగుతుంది కనుక, అస్సీలో ఎక్కి వాలులో వెళ్లి పంచగంగ దగ్గర దిగిపోతే నావికుడికీ శ్రమ తక్కువ, మనకూ వెనక్కి వచ్చే సమయం కలిసివస్తుంది. మేము కేదార ఘాట్ దగ్గర బస చేసినా, చీకటితోనే ఆటోలో అస్సీకి వెళ్లి, ఒకవైపు ప్రయాణానికి ముగ్గురికీ కలిపి 1,200 రూపాయలకు ఒప్పందం చేసుకున్నాము.

నావికుడు అరవై ఏళ్లు దాటిన పెద్దాయన. గుంజకు తాడుతో బిగించిన తెడ్డు కిర్రుమన్నప్పుడల్లా దోసిటితో గంగ నీళ్లు తీసి ఆ ముడి మీద చల్లి, మళ్లీ తెడ్డు అందుకునేవాడు. మమ్మల్ని కూర్చోబెట్టి లైఫ్ జాకెట్లు తానే కట్టాడు. చేత్‌సింగ్ కోట గోడ పక్కనుంచి వెళుతుంటే, 1781లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మనుషుల నుంచి కాశీ రాజా చేత్‌సింగ్ తప్పించుకున్న కిటికీ ఇదేనంటూ ఒకటి చూపించాడు; కిటికీ అదో కాదో గాని, తలపాగాలు ముడివేసి నదిలోకి దిగాడన్న కథను మాత్రం తన తాతే ఆ రోజు పడవ నడిపినంత ధీమాగా చెప్పాడు. కేదార ఘాట్ ఎరుపు, తెలుపు చారల మెట్లు ఎండపడి మెరుస్తున్నప్పుడు, ముందురోజు వాటి మీదే ఎక్కి దిగిన అమ్మ వాటిని పోల్చుకోలేక, "ఇది ఏ గుడి?" అని అడిగింది.

చలికాలంలో వచ్చే, సైబీరియా పక్షులని అక్కడివారు పిలిచే తెల్లని నీటి పక్షులు పడవ చుట్టూ ముసురుతాయి. పక్క పడవలలో కుర్రవాళ్లు సన్న కారప్పూస పొట్లాలు అమ్ముతారు. పక్షులకు కారప్పూస పెట్టడం నాకు నచ్చక వద్దన్నాను.

మణికర్ణిక దగ్గరికి వచ్చేసరికి నావికుడు తెడ్లు పైకెత్తి, ఫోన్లు లోపల పెట్టుకోమని సైగ చేశాడు. అటుపైన నావ వాలుకే సాగింది. ఎత్తుగా పేర్చిన కట్టెల దొంతరలు, పొగకు నల్లబడిన గోపురాలు, మంటల చిటపటలు నిదానంగా మమ్మల్ని దాటిపోయాయి. అంతసేపూ మాలో ఎవరూ మాట్లాడలేదు. ముందురోజు మోటారు బోటులో దూరం నుంచి వేలెత్తి చూపించిన చోటు ఇదేనా అనిపించింది. ఆ వెంటనే సింధియా ఘాట్ పక్కన ఒరిగి నిలిచిన రత్నేశ్వరాలయం కనిపిస్తుంది. ఏడాదిలో చాలా భాగం దాని గర్భగుడి నీటిలోనే ఉంటుంది.

పంచగంగ ఘాట్‌కు తెలుగువారు తప్పక రావాలి. కాశీలో దీర్ఘకాలం ఉండి 1887లో దేహం చాలించిన త్రైలింగ స్వామి మఠం ఇక్కడే ఉంది. ఆయన స్వస్థలం విజయనగరం ప్రాంతమే. నావ నుంచి దిగాక ఎక్కవలసిన మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఆసరా తక్కువ. అమ్మను చెయ్యి పట్టుకుని ఎక్కించడానికి మాకు అరగంట పట్టింది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఇంకొంత డబ్బిచ్చి దశాశ్వమేధానికి తిరిగి వచ్చి ఉండేవాళ్లము.

వర్షాకాలంలో నీరు పెరిగితే పడవలు ఆపేస్తారు. ధర, దిగే చోటు ఎక్కకముందే తేల్చుకుని, డబ్బు దిగిన తరువాతే ఇవ్వండి. పంచతీర్థాలూ (అస్సీ, దశాశ్వమేధ, మణికర్ణిక, పంచగంగ, ఆదికేశవ) చేయాలనుకునేవారు వరుణా సంగమం దగ్గరి ఆదికేశవ ఘాట్ దాకా ముందే మాట్లాడుకోవాలి. పంచగంగ దగ్గర దిగుతుంటే మా నావికుడు ఇంకో 400 ఇస్తే అక్కడికీ తీసుకువెళతానన్నాడు. నేను ఎండెక్కుతోందని వద్దన్నాను, పెద్దమ్మ మాత్రం అయిదో తీర్థం బాకీ ఉందని ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తుచేస్తూనే ఉంది.