ఇస్తాంబుల్ వెళ్తే సినాన్ మసీదులకు టైమ్ మిగల్చండి

ఇస్తాంబుల్ వెళ్లే మనవాళ్లలో చాలామంది హాగియా సోఫియా, దాని ఎదురుగా ఉన్న బ్లూ మాస్క్ (నీలి మసీదు) చూసి, బజార్లో షాపింగ్ చేసుకుని, బోస్ఫరస్‌లో పడవెక్కి తిరిగొచ్చేస్తారు. ఆ రెండూ చూడాల్సినవే. కానీ ఒట్టొమాన్ సుల్తానుల రాజధానిగా ఈ ఊరికి రూపం తెచ్చిన వాస్తుశిల్పి మిమార్ సినాన్ కట్టినవి ఆ చుట్టుపక్కల తిరిగితే పెద్దగా కనబడవు. ప్లాన్ వేసేటప్పుడే వాటికి సగం రోజైనా కేటాయించమని నా మనవి.

ముందు హాగియా సోఫియా సంగతి. 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులకు టికెట్ 25 యూరోలు. పై గ్యాలరీ వరకే పంపిస్తారు, కింది హాలు నమాజుకు వచ్చేవాళ్లకే. గుమ్మటం మరమ్మతులకని 2025లో లోపల ఉక్కు స్తంభాలు నిలబెట్టారు కాబట్టి ఆ విశాలం మొత్తం ఒక్క చూపులో అందదు. నలుగురున్న కుటుంబానికి వంద యూరోలంటే ఆలోచించాల్సిన మాటే. అయినా ఒక్కసారి వెళ్లాల్సిందే అంటాను. చర్చిగా 537లో పూర్తయి, తర్వాత మసీదైన కట్టడం, దాదాపు 31 మీటర్ల వెడల్పు గుమ్మటం, దాని అంచు చుట్టూ 40 కిటికీలు. మొదటి గుమ్మటం 558లో కూలితే, ఇంకాస్త ఎత్తు పెంచి మళ్లీ కట్టారు. గ్యాలరీలో క్రీస్తు, మేరీ, యోహాను ఉన్న దేయిసిస్ మొజాయిక్ దగ్గర తొందరపడకండి. కింది భాగం చాలావరకు రాలిపోయినా ఆ ముఖాల్లో కరుణ చెక్కుచెదరలేదు.

బ్లూ మాస్క్‌కి టికెట్ లేదు. ఆరు మినార్లతో బయటినుంచి అద్భుతం. లోపల మాత్రం ఏనుగు పాదాలని పేరుపడ్డ నాలుగు లావు స్తంభాలు చూపుకి అడ్డొస్తాయి. ఇరవై వేలకు పైగా ఉన్న ఇజ్నిక్ పలకల్లో (రంగుల పూలు వేసిన పింగాణీ పలకలు) మేలైనవి పై గ్యాలరీల్లో ఉండిపోయాయి. జనం తోపులాటలో పది నిమిషాలు కూడా నిలబడలేకపోయాం.

సినాన్ కట్టిన సులేమానియే మసీదు వేరు. 1550లో మొదలై 1557లో పూర్తయింది. హాగియా సోఫియా పద్ధతే: నడుమ పెద్ద గుమ్మటం, ముందూ వెనకా అర్ధ గుమ్మటాలు. అయితే అక్కడ బరువు మోసే ఆసరా దిమ్మెలు బయట అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. సినాన్ ఇక్కడ వాటిని గోడల్లో కలిపేసి, మధ్య ఖాళీల్లో వరండాలు పెట్టి దాచాడు. అందుకే లోపల నిలబడితే 53 మీటర్ల ఎత్తున్న గుమ్మటం బరువే లేనట్టు ఉంటుంది. పలకలు మక్కా దిక్కునున్న కిబ్లా గోడకే పరిమితం, మిగతాదంతా రాయీ వెలుతురూ. దీపాల మసి గాలికి ద్వారం పైనున్న గదిలోకి చేరేదనీ, దాంతో సిరా చేసేవారనీ చెబుతారు. వెనక తోటలో ఈ మసీదు కట్టించిన సుల్తాన్ సులేమాన్, ఆయన భార్య హుర్రెమ్ సమాధులున్నాయి. సినాన్ సమాధి కోసం ప్రాంగణం దాటి ఉత్తరం మూలకి వెళ్లాలి. అంత నిర్మించిన మనిషికి అంత చిన్న చోటు! ఆయన 1588లో పోయాడు, మరో మూడేళ్లకు మన చార్మినార్ లేచింది.

మసీదు ఎదుటి వీధిలో చిక్కుడు గింజల కూర, అన్నం పెట్టే హోటళ్లు వరసగా ఉంటాయి. కొన్నిచోట్ల మాంసం కలుపుతారు, శాకాహారులు అడిగి తినాలి. ఎర్ర కందిపప్పు సూప్ మాత్రం ఊరంతా దొరుకుతుంది.

అక్కడినుంచి ఎమినొనూ వైపు దిగితే, మసాలా బజారు దగ్గర దుకాణాల మీద సినాన్ కట్టిన రుస్తెమ్ పాషా మసీదు. ఇరుకు మెట్లెక్కాలి, బోర్డు కనబడకపోతే ఏ కొట్టతన్నడిగినా చెబుతాడు. నీలం, టమాటా ఎరుపు పూల పలకలు గోడలనూ స్తంభాలనూ కప్పేసి, చేతికందేంత దగ్గరగా ఉంటాయి. పలకల పనితనం చూడాలంటే బ్లూ మాస్క్ కంటే ఇదే మేలు.

బస విషయంలో, హాగియా సోఫియా ఉన్న సుల్తానహ్మెత్ పేటలో టెర్రస్ మీద టిఫిన్, సముద్రం బాగుంటాయి గానీ గదులు చిన్నవి, రేట్లు ఎక్కువ. లాలెలీలో చవక. అయితే అది హోల్‌సేల్ బట్టల పేట, రాత్రిళ్లు మూటలెత్తే చప్పుడుకి మాకు నిద్ర పట్టలేదు. నా ఓటు సిర్కెజికి: టీ1 ట్రామ్, మర్మరాయ్ రైలు రెండూ దగ్గరే. పెద్దవాళ్లుంటే సులేమానియేకి ఎమినొనూ నుంచి ఎక్కించకండి, బెయాజిత్‌లో ట్రామ్ దిగి నడిపించండి, ఎక్కుడు తక్కువ. ఒక టాక్సీ అతను మమ్మల్ని ఊరంతా తిప్పి డబ్బు గుంజాక ట్రామ్‌లకీ బస్సులకీ పనికొచ్చే ఇస్తాంబుల్‌కార్ట్ కొనుక్కున్నాం, ఆ టెన్షన్ పోయింది.

ఏ మసీదుకైనా నమాజు వేళలు చూసుకుని వెళ్లండి, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం వద్దు. ఆడవాళ్లు స్కార్ఫ్ వెంట ఉంచుకోవాలి. ఇంకో రోజు చేతిలో ఉంటే అంతకుముందు రాజధానిగా వెలిగిన ఎదిర్నెకి బస్సెక్కండి. సినాన్ తన పనితనానికి శిఖరం అనుకున్న సెలిమియే అక్కడుంది. చాలాకాలంగా మరమ్మతులు జరిగిన మసీదు కాబట్టి, లోపలికి ఎంతవరకు పంపుతున్నారో మీ హోటల్ వాళ్లచేత ఫోన్ చేయించి కనుక్కున్నాకే టికెట్ కొనండి.