మా నర్సింగ్ హోమ్ ఇంటర్‌కమ్ బాక్స్, ఏడాది వాడాక

నెల్లూరు పొగతోటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్ చూసుకుంటాను. పోయినేడు పాత బాక్స్ తీసేసి, 3 బయటి లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లు ఉండే ఈపీఏబీఎక్స్ (బయటి ఫోన్ లైన్లను లోపలి ఫోన్లకు కలిపే బాక్స్) పెట్టించాం. పాత బాక్స్ ఉన్నప్పుడు ఒక రాత్రి ఆత్మకూరు వైపు నుంచి ఒక పెద్దావిడ కోడలిని ఆటోలో తీసుకొచ్చి, "రొండుసార్లు ఫోన్ చేశాం, ఎవురూ ఎత్తలా తల్లీ" అంది. ఫోన్ మోగింది, కానీ కింద టేబుల్ దగ్గర ఎవరూ లేరు. సిస్టర్లంతా పైన లేబర్ వార్డులో ఉన్నారు. ఆ మాటకు నాకు కడుపులో దేవినట్టయింది.

కొత్త బాక్స్ వచ్చిన తొలి వారం మాత్రం ఇబ్బంది పడ్డాం. బిగించిన టెక్నీషియన్ అన్ని కాల్స్‌నూ వేరే ఫోన్‌కు మళ్ళించే (డైవర్ట్ చేసే) పద్ధతి పెట్టాడు. అది ఆన్‌లో ఉంటే కింద ఫోన్ అసలు మోగదు. ఒక పొద్దున దాన్ని తీసేయడం మరిచిపోయాం. 11 గంటల దాకా ఓపీ కాల్స్ అన్నీ మా డాక్టర్ మేడం మొబైల్‌కే పోయాయి. ఆవిడేమో ఆపరేషన్‌లో ఉన్నారు.

ఫోన్ చేసి చెబితే ఆ అబ్బాయి అదే రోజు రాత్రి 9కి వచ్చాడు. ఎత్తకపోతేనే డైవర్ట్ అయ్యేలా మార్చాడు. తన మొబైల్ నుంచి కాల్ చేసి, "ఎవరూ ఎత్తొద్దు మేడం" అని నా కుర్చీ పక్కనే నిలబడి రింగులు లెక్కపెట్టాడు. ట్రింగ్‌ట్రింగ్‌మని 5 సార్లు, అంటే 15 సెకన్లు. ఆరోది పై వార్డులో మోగింది. 30 సెకన్లు పెడతానన్నాడు గానీ నేనే వద్దన్నాను. నొప్పులు పడుతున్న మనిషి పక్కనుండి ఫోన్ చేసేవాళ్ళకు అర నిమిషం చాలా ఎక్కువ.

వార్డు ఫోన్ బిజీగా ఉంటే కాల్ డ్యూటీ డాక్టర్ మొబైల్‌కు వెళ్తుంది. కొన్ని బాక్సులు ఒకసారి మళ్ళించిన కాల్‌ను ఇంకోసారి మళ్ళించవు, కొనేముందు అడగండి. ఇలా మొబైల్‌కు మళ్ళి బయటికి వెళ్ళే కాల్ రెండు లైన్లు పట్టేస్తుంది, లోపలికి వచ్చింది ఒకటి, బయటికి మోసుకెళ్ళేది ఒకటి. ఆ రెండో దాని చార్జీ మనదే. రెండే లైన్లున్న చోట ఆ కాసేపూ ఇంకెవరు చేసినా బిజీ వస్తుంది. మూడో లైన్ పెట్టించింది అందుకే.

బయటి నంబర్‌కు డైవర్ట్ పెట్టడానికి పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టించండి. మోసాలు జరుగుతున్నాయనే కదా, మొబైళ్ళలో యూఎస్ఎస్‌డీ కోడ్ (స్టార్, హ్యాష్ గుర్తులతో కొట్టే నంబర్) కొట్టి డైవర్ట్ పెట్టుకునే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి టెలికాం శాఖ ఆపించింది. ఆఫీసు బాక్సులో ఎవరైనా అలా బయటి నంబర్‌కు డైవర్ట్ పెట్టి వాడుకుంటే బిల్లు వచ్చేదాకా మనకు తెలియదు.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. డాక్టర్ మొబైల్‌లో మా ఆసుపత్రి నంబరే కనిపిస్తుంది, చేసినవాళ్ళది కనిపించదు. మధ్యలో కట్ అయితే తిరిగి చేయడానికి దారి ఉండదు. అందుకే మేడం ఫోన్ ఎత్తగానే, "ముందు మీ నంబర్ చెప్పమ్మా" అని అడిగి రాసుకుంటున్నారు.