మెత్తటి పీవీసీకి డీఓపీ బదులు ఏ ఆయిల్? డీఓటీపీ, డింక్, ఏటీబీసీలపై సమీక్ష

పీవీసీని మెత్తబరిచే డీఓపీ అనే ఆయిల్ ఆ ప్లాస్టిక్‌తో రసాయనికంగా అతుక్కోదు. వేడికి, నూనెకు, పసిపిల్ల నోటి తడికి కొంచెం కొంచెంగా బయటకు వస్తూనే ఉంటుంది. జంతువులపై చేసిన పరీక్షల్లో అది వాటి మగ కూనల జననాంగాల ఎదుగుదలను దెబ్బతీసింది. అందుకే ఐరోపా సమాఖ్య 2020 జులై 7 నుంచి డీఓపీతో సహా నాలుగు థాలేట్లూ (డీఓపీ కుటుంబపు రసాయనాలు) కలిపి వస్తువులోని మెత్తటి ప్లాస్టిక్ బరువులో 0.1% దాటకూడదని విస్తృతంగా నిషేధం పెట్టింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. బొమ్మల భద్రతకు వర్తించే ఐఎస్ 9873 ప్రమాణంలో 9వ భాగం థాలేట్ల గురించే.

డీఓపీ వదిలి మారాలనుకునే యూనిట్‌కు మేం మొదట సూచించేది డీఓటీపీ. పేరులో థాలేట్ ఉన్నా ఇది టెరిథాలేట్. అణుభారం డీఓపీదే (390.6), కానీ అణువులోని రెండు కొమ్మలూ బెంజీన్ వలయానికి ఎదురెదురుగా ఉంటాయి. శరీరంలో చాలావరకు టెరిథాలిక్ ఆమ్లంగా విడిపోతుంది, డీఓపీ లాంటి హానికర ముక్క పెద్దగా మిగలదు. ఆవిరి కావడం కూడా డీఓపీకన్నా తక్కువ. 100 పాళ్ళ రెజిన్‌కు (పీవీసీ పొడికి) బరువులో డీఓపీ 50 పాళ్ళు వేసేచోట ఇది 51.5 వేస్తే దాదాపు అదే మెత్తదనం వస్తుంది. తోట గొట్టానికైనా, టేబుల్ కవర్‌కైనా ఈ మిశ్రమంతో మొదలుపెట్టవచ్చు: కె-67 గ్రేడు రెజిన్ 100, డీఓటీపీ 51.5, ఎపాక్సీ సోయా నూనె 3, వేడికి పీవీసీ చెడిపోకుండా కాపాడే కాల్షియం-జింక్ స్టెబిలైజర్ 2 నుంచి 2.5, స్టియరిక్ ఆమ్లం 0.2.

ఇబ్బంది జెల్ అవడంలో, అంటే వేడికి రెజిన్, ఆయిల్ పూర్తిగా కలిసి ఒక్కటవడంలో వస్తుంది. డీఓటీపీ రెజిన్‌లోకి నిదానంగా ఇంకుతుంది. చల్లని ఆయిల్‌ను చల్లని రెజిన్‌పై పోస్తే ముద్దలు కడుతుంది. రెజిన్ 65-70 డిగ్రీలకు వచ్చాక, ముందే వేడిచేసిన ఆయిల్‌ను సన్నటి ధారగా వదలాలి. 110-115 డిగ్రీల వద్ద మిక్సర్ నుంచి దించి, 45 డిగ్రీల లోపు చల్లార్చాలి. మిశ్రమాన్ని కరిగించి ఆకారంలోకి నెట్టే ఎక్స్‌ట్రూడర్‌లో పాత సెట్టింగ్‌కు 5 డిగ్రీలు కలపండి. పైభాగం మసకగా, గరుకుగా వచ్చి లాగితే పుటుక్కున తెగుతోందంటే జెల్ పూర్తి కాలేదని గుర్తు. దానికి ఆయిల్ పెంచడం మందు కాదు, వేడి పెంచాలి. మరీ మెత్తటి సరుకు కోసం పాళ్ళు బాగా పెంచితే మాత్రం డీఓపీకన్నా ముందే జిడ్డు పైకి తేలుతుంది.

డింక్ అంటే డీఐఎన్‌పీ అనే మరో థాలేట్ వలయాన్ని హైడ్రోజన్‌తో నింపి తీసిన ఆయిల్. జర్మనీ బీఏఎస్‌ఎఫ్ 2002లో తెచ్చింది. వైద్య గొట్టాలకు, నోట్లో పెట్టుకునే బొమ్మలకు మా ఓటు దీనికే. ధర ఎక్కువే, ఆ వాడకాలకు అది పెట్టదగ్గ ఖర్చు. ఒక మెలిక మాత్రం ఉంది. దీని సాంద్రత 0.947, డీఓపీది 0.986. లీటర్ల మీటర్‌తో పోసే యూనిట్‌లో పాత సెట్టింగే ఉంచితే బరువులో 4% తక్కువ పడుతుంది. మెత్తదనం కోసం ఎక్కువ కావలసిన ఆయిల్ ఉల్టా తక్కువై సరుకు గట్టిగా వస్తుంది. తూకం వేసి 53 పాళ్ళతో మొదలుపెట్టి, షోర్ ఎ (మెత్తటి ప్లాస్టిక్‌కు వాడే కొలమానం) గట్టిదనం చూసుకుని సర్దండి. జెల్ కావడానికి వేడి డీఓటీపీ కన్నా ఎక్కువే కావాలి.

ఏటీబీసీ నిమ్మ ఆమ్లం నుంచి వస్తుంది. సులువుగా ఇంకుతుంది, ఆహారాన్ని చుట్టే ఫిల్ముకు పనికొస్తుంది. కానీ ఎక్స్‌ట్రూడర్ మూతి (డై) దగ్గర పొగ కక్కుతుంది, ఎండలో ఉండే సరుకులో త్వరగా ఆవిరై బిరుసెక్కిస్తుంది. గొట్టాలకు వద్దు.

తెలంగాణలో ఆముదం పండుతుంది కదా అని అడిగేవారున్నారు. హైడ్రోజనీకరించిన ఆముదంతో డెన్మార్క్ డానిస్కో చేసిన ఆయిల్ నిజంగానే మంచిది, కాకపోతే ఖరీదు ఎక్కువ. గానుగ ఆముదాన్ని నేరుగా పోస్తే మాత్రం పీవీసీతో కలవదు, జిడ్డుగా బయటకు వచ్చేస్తుంది. ఎపాక్సీ సోయా నూనెకూ హద్దుంది: 3-5 పాళ్ళు దాటించి వేసిన సరుకు ఎండలో బంకగా మారుతుంది.

ఇంత జాగ్రత్తగా ఆయిల్ మార్చినా పరీక్షలో తప్పేది స్క్రాప్ వల్ల. పాత సరుకులో డీఓపీ 30% ఉందనుకోండి. కిలో కొత్త మిశ్రమంలో 3.4 గ్రాముల పాత స్క్రాప్ పొడి పడినా 0.1% దాటినట్టే. ట్యాంకు అడుగున మిగిలిన డీఓపీ కూడా ఇంతే: వస్తువులో ఆయిల్ మూడో వంతు ఉంటే, 200 లీటర్ల పీపాలో సుమారు 600 మిల్లీలీటర్లు చాలు. ట్యాంకు, పంపు, పైపులు కొత్త ఆయిల్‌తో కడిగి, ఆ కడిగిన ఆయిల్‌ను బొమ్మలకు వాడకండి. మొదట వచ్చిన సరుకును విడిగా పెట్టండి.

డీఓటీపీలో డీఓపీ కలిపి అమ్మితే హైడ్రోమీటర్ పట్టలేదు, సాంద్రతలు 0.984, 0.986. ప్రతి లాట్‌కూ జీసీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తించే ల్యాబ్ పరీక్ష) నివేదిక అడగండి, అందులో డీఓపీ, డీఓటీపీ విడివిడిగా రాసి ఉండాలి. "నాన్ డీఓపీ" అన్న మాట ఒక్కటే చూసి కొనకండి. అది డీఐఎన్‌పీ కావచ్చు, నోట్లో పెట్టుకునే బొమ్మల్లో దానికీ పరిమితి ఉంది. చౌకగా దొరికే క్లోరినేటెడ్ పారాఫిన్ అయితే పీపా తెరవకుండానే వెనక్కి పంపండి. అందులోని చిన్న గొలుసు రకాన్ని 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రకృతిలో త్వరగా నశించని విషాలపై అంతర్జాతీయ ఒప్పందం) నిషేధ జాబితాలో చేర్చింది.