మేట్‌వాన్‌లో రెండు రాత్రులు, నాన్నతో

నాన్న గోదావరిఖని నుంచి వచ్చి నెలైంది. నయాగరా చూపిస్తే "నీళ్లే గద బిడ్డా" అన్నాడు. సింగరేణి బాయిలో ముప్పై రెండేళ్లు చేసిన మనిషికి ఇంకేం చూపించాలా అని ఆలోచిస్తే వెస్ట్ వర్జీనియాలోని బొగ్గు గనుల ఊరు మేట్‌వాన్ తట్టింది. మా కొలంబస్ నుంచి కారులో నాలుగు గంటలు. చివరి గంటంతా కొండ మలుపులు, ఫోన్‌కు సిగ్నల్ అందదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఊరంటే దాదాపు ఒకటే వీధి. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క టగ్ ఫోర్క్ ఏరు, అవతలి గట్టు కెంటకీ. మొదటి ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్లూ ఇక్కడి బొగ్గుకు ఒకటే గిరాకీ. యుద్ధం ముగిశాక సరుకుల ధరలు మండిపోయాయి. 1919 నవంబర్‌లో బొగ్గు కార్మికులు దేశవ్యాప్త సమ్మె చేశాక యూనియన్ గనుల్లో కూలి 27 శాతం పెరిగింది. ఇక్కడేమో యూనియన్ లేదు. కొత్తగా అందులో చేరినవాళ్లకు పని పోయింది, ఇల్లూ పోయింది. ఇళ్లన్నీ కంపెనీవే మరి. 1920 మే 19న గని కంపెనీ పెట్టుకున్న బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేట్ ఏజెన్సీ డిటెక్టివ్‌లు వచ్చి వాళ్ల సామాన్లు బయట పడేశారు. తిరిగి రైలెక్కబోతుంటే ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డుకున్నాడు. కాల్పుల్లో 10 మంది పోయారు: 7గురు డిటెక్టివ్‌లు, ఇద్దరు గని కార్మికులు, మేయర్.

పాత పోస్టాఫీసు ఇటుక గోడలో ఆ తూటాల గుంతలు ఇంకా ఉన్నాయి. టికెట్ లేదు, గాజు పలక అడ్డం లేదు. నాన్న ఒకదాంట్లో వేలు పెట్టి తిప్పి చూశాడు. నా మట్టుకు నాకు ఈ ట్రిప్ మొత్తంలో ఆ గోడే గొప్ప.

ఈ గని పోరాటాల మీద పెట్టిన మైన్ వార్స్ మ్యూజియం చిన్నదే, గంటన్నర చాలు. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి. జీతం కింద కంపెనీ ఇచ్చిన సొంత బిళ్లలున్నాయి, కంపెనీ కొట్లోనే చెల్లేవి. కూలి రోజుకింత అని కాదు, తవ్విన టన్నుల లెక్కన, తూకంలో మోసం మామూలే అని చదివి చెప్తే "మాకూ టబ్బుల లెక్కనే ఉండె" అన్నాడు నాన్న. టబ్బంటే బొగ్గు నింపే తొట్టి బండి. ఆ అద్దాల బీరువా దగ్గర్నుంచి కదల్లేదు.

బస సంగతి. ఏటి పక్కన క్యాబిన్, రాత్రికి 140 డాలర్లు. వంటిల్లు అని రాశారు, తీరా వెళ్తే ఒక మైక్రోవేవ్. రైస్ కుక్కర్, మామిడికాయ తొక్కు డిక్కీలో ఉన్నాయి కాబట్టి బతికాం. కొండదారుల్లో ఏటీవీలు, అంటే మట్టిదారుల్లో నడిచే చిన్న మోటారు బండ్లు, తోలడానికి వచ్చేవాళ్ల ఊరు ఇది, పొద్దున్నే ఆ మోత భరించాలి. క్యాబిన్ ఓనరమ్మ మాత్రం మంచిది. నాన్నకు మెట్లు కష్టమని తెలిసి అడక్కుండానే కింది గదికి మార్చింది.

రెండోరోజు వెల్చ్ అనే ఊరు వెళ్లాం. 1921 ఆగస్టు 1న కోర్టు మెట్ల మీదే సిడ్ హాట్‌ఫీల్డ్‌ను, అతని స్నేహితుడు ఎడ్ చాంబర్స్‌ను బాల్డ్విన్-ఫెల్ట్స్ డిటెక్టివ్‌లు కాల్చి చంపారు. ఇద్దరి చేతుల్లో ఆయుధం లేదు, పక్కన భార్యలున్నారు. ఎవరికీ శిక్ష పడలేదు. మెట్లు చూడ్డానికి పది నిమిషాలు, దారికి రానూపోనూ మూడు గంటలు. తీరిక ఉంటేనే వెళ్లండి.

తిరుగు దారిలో బ్లెయిర్ కొండ. ఆ హత్యల తర్వాత మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని దాదాపు 10,000 మంది కార్మికులు కదిలింది ఇటే. వాళ్లలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులూ ఉన్నారు. కంపెనీల పక్షాన నిలిచిన అక్కడి పోలీసు అధికారి, షెరీఫ్ డాన్ చాఫిన్ మనుషులు అద్దె విమానాల్లోంచి బాంబులు కూడా వేశారు. చివరికి ఫెడరల్ సైన్యం దిగాక కార్మికులు వెనక్కి తగ్గారు. ఇప్పుడు చూద్దామంటే రోడ్డు పక్కన ఒక బోర్డు, చుట్టూ అడవి. చరిత్ర తెలియకపోతే కారాపడం దండగ.

బెక్లీలో పాత గనిలోకి బండి మీద తీసుకెళ్లి చూపిస్తారు, గైడ్లు రిటైరైన గని కార్మికులే. అటు తిప్పనా అని అడిగితే నాన్న సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. "ముప్పై రెండేండ్లు పైసలిస్తే దిగిన. ఇప్పుడు పైసలు కట్టి దిగుమంటవా?"